రాజోలు దీవి చర్చికి రెండు మాన్యువళ్ళ డిజిటల్ ఆర్గన్: ఏం చూసి కొనాలి?

లంకగాలి:

అందరికీ వందనాలండి. రాజోలు దగ్గర మా సంఘానికి ఆర్గన్ కొనాలని కమిటీ తీర్మానించింది. ఇప్పుడున్నది 61 కీల అరేంజర్ కీబోర్డు. మిక్సర్ మీదుగా గోడకున్న కాలమ్ స్పీకర్లలో పలుకుతుంది. మాకు కావలసింది రెండు మాన్యువళ్ళు (చేతి కీబోర్డులు), కాళ్ళతో వాయించే పూర్తి పెడల్‌బోర్డు ఉన్న క్లాసికల్ ఆర్గన్.

హాలు లోపలి కొలత 60 అడుగుల పొడవు, 30 వెడల్పు, 15 ఎత్తు. శ్లాబు కప్పు, సిమెంటు పూత గోడలు, గ్రానైటు నేల. నాలుగడుగులు బై అయిదడుగుల కిటికీలు పది. ఆదివారం 200 మంది వస్తారు. పాటల్లో సగం ఇంగ్లీషు ట్యూన్లకి కట్టినవి, సగం మన రాగతాళాల్లో ఉన్నవి. తబలా, హార్మోనియం కూడా ఉంటాయి. వాయించేవాళ్ళు ఇద్దరు. ఒకరికి పెడల్ వచ్చు, రెండోవారిది హార్మోనియం చెయ్యి.

ఒక కొటేషన్‌లో 28 స్టాపులు (ఒక్కో రకం ధ్వనిని పలికించే మీటలు), ఇంకోదాన్లో 45 ఉన్నాయి. ఎన్ని ఉంటే చాలు? పెడళ్ళు 30 తీసుకోవాలా, 32 తీసుకోవాలా? ఉన్న కాలమ్ స్పీకర్లు పనికొస్తాయా? అమెరికాలో ఉన్న మా ఊరి కుటుంబం వాడిన ఆర్గన్ ఒకటి పంపిస్తామంటోంది, తీసుకోవచ్చా?

సబ్‌బాస్16:

లంకగాలి గారూ, 28, 45 అన్న అంకెలు పక్కన పెట్టండి. స్టాపుల జాబితా పెంచడం తయారీదారుడికి పెద్ద ఖర్చు కాదు. ఖర్చంతా మాన్యువళ్ళు, పెడల్‌బోర్డు, ఆంప్లిఫయర్లు, స్పీకర్లలో ఉంటుంది. రెండు కొటేషన్లనీ ఆ నాలుగింటి దగ్గర పోల్చి చూడండి.

స్టాపుల్లో ముందు వెతకాల్సింది ప్రిన్సిపల్ కుటుంబం. గ్రేట్ మీద, అంటే కింది మాన్యువల్ మీద, ప్రిన్సిపల్ 8, ఆక్టేవ్ 4, సూపర్ ఆక్టేవ్ 2, మిక్స్చర్ (చాలా పై స్వరాల్ని ఒకేసారి కలిపే స్టాపు) వరసగా ఉండాలి. 200 మంది గొంతుల్ని మోసేది ఈ వరసే. ఆ అంకెలు అడుగులు. గొట్టాల ఆర్గన్‌లో అన్నిటికన్నా కింది సి స్వరానికి తెరిచిన గొట్టం సుమారు 8 అడుగులు ఉంటుంది కాబట్టి దానికి 8 అని పేరు, నొక్కిన స్వరమే పలుకుతుంది. 4 అయితే ఒక స్థాయి పైన, 2 అయితే రెండు స్థాయిలు పైన, 16 ఒక స్థాయి కింద. గ్రేట్‌కి ఇంకా ఒక 8 ఫ్లూట్, ఒక 4 ఫ్లూట్, ట్రంపెట్ 8 కావాలి. స్వెల్ మీద, అంటే పై మాన్యువల్ మీద, గెడాక్ట్ 8, సాలిసొనల్ 8, దానికి జంటగా కాస్త ఎక్కువ శ్రుతిలో ఉండే సెలెస్ట్ 8, ప్రిన్సిపల్ 4, ఫ్లూట్ 4, నాజార్డ్ 2⅔, ఫ్లూట్ 2, ఓబో 8, వీలైతే చిన్న మిక్స్చర్. పెడల్‌కి సబ్‌బాస్ 16, ప్రిన్సిపల్ 16, ఆక్టేవ్ 8, గెడాక్ట్ 8, కోరల్ బాస్ 4, ఒక 16 అడుగుల రీడ్ (బాకా జాతి స్టాపు). లెక్కేస్తే 22. మీ 28లో ఇవన్నీ ఉంటే 45 అక్కర్లేదు. 45లో గ్రేట్ మిక్స్చర్ సన్నగా కీచుమంటుంటే ఆ 45 ఉండీ దండగే.

కప్లర్లు, అంటే ఒక కీబోర్డు స్టాపుల్ని ఇంకోదాని మీంచి పలికించే మీటలు, మూడూ ఉండాలి: స్వెల్ టు గ్రేట్, స్వెల్ టు పెడల్, గ్రేట్ టు పెడల్. మీ రెండో వాద్యకారుడి కోసం బాస్ కప్లర్ కూడా అడగండి. గ్రేట్ మీద నొక్కిన స్వరాల్లో అన్నిటికన్నా కిందిదాన్ని అది పెడల్ స్టాపులతో పలికిస్తుంది, కాళ్ళు కదపనక్కర్లేదు. అయితే దానికి అలవాటుపడితే పెడల్ ఎప్పటికీ రాదు.

30 పెడళ్ళు సి నుంచి పై ఎఫ్ దాకా, 32 అయితే జి దాకా ఉంటాయి. బాఖ్ ఎఫ్ మేజర్ టొకాటాలో పెడల్ ఆ ఎఫ్ దాకే వెళ్తుంది, చర్చి పాటలకి అంత కూడా అక్కర్లేదు. కాబట్టి 30 చాలు. సంఖ్య కన్నా ఆకారం ముఖ్యం. అమెరికా, ఇంగ్లండు పద్ధతిలో పెడళ్ళు విసనకర్రలా విచ్చుకుని, అంచులు పైకి లేచి ఉంటాయి. జర్మనీ, నెదర్లాండ్స్ పద్ధతిలో సమాంతరంగా ఉంటాయి. మీ వాద్యకారుడు దేనిమీద నేర్చుకున్నారో అదే తీసుకోండి, లేకపోతే పై చివర స్వరాల్లో పాదం ప్రతిసారీ ఒక పెడల్ పక్కకి పడుతుంది. పెడల్ కింద రీడ్ స్విచ్, అయస్కాంతం ఉన్నవో, హాల్ సెన్సర్ (అయస్కాంతాన్ని పసిగట్టేది) ఉన్నవో అయితే మేలు. రబ్బరు కాంటాక్టులైతే దుమ్మూ తేమా చేరి స్వరాలు మిస్సవుతాయి.

షోరూమ్‌లో వినేటప్పుడు రివర్బ్ (కృత్రిమ ప్రతిధ్వని) మొత్తం ఆపించండి. అది ఉంటే ఏ ఆర్గనైనా కేథడ్రల్‌లా వినిపిస్తుంది. తర్వాత గ్రేట్ ప్రిన్సిపల్ 8 ఒక్కటే లాగి కింది సి నుంచి పైదాకా ఒక్కో స్వరం వాయించండి. నాలుగైదు స్వరాలు అచ్చం ఒకేలా ఉండి, ఆరోదాని దగ్గర రంగు హఠాత్తుగా మారితే, ఒకే శాంపిల్‌ని (రికార్డు చేసిన స్వరాన్ని) సాగదీశారన్నమాట. అన్ని స్టాపులూ లాగి, కప్లర్లు వేసి, పది వేళ్ళతో ఒక కార్డ్ (ఒకేసారి పలికే స్వరాల గుంపు), కింద ఒక పెడల్ పట్టి పది సెకన్లు ఆగండి. బురదగా కలిసిపోతే ఆంప్లిఫయర్ చానళ్ళు చాలవని అర్థం. స్వెల్ పెడల్ మూస్తుంటే ధ్వని తగ్గడమే కాదు, పదును కూడా తగ్గాలి. చివరికి ఏమీ వాయించకుండా వాల్యూమ్ పూర్తిగా పెంచి హమ్ (కరెంటు మోత) ఉందేమో వినండి.

కంపెనీల సంగతి క్లుప్తంగా. నెదర్లాండ్స్ జొహానస్, అమెరికా రోజర్స్ 2016 నుంచి ఒకే యాజమాన్యం కింద ఉన్నాయి. ఇటలీ వైకౌంట్ ఫిజిస్ మోడళ్ళలో శాంపిల్ ఉండదు, గొట్టం ప్రవర్తనని లెక్కకట్టి ధ్వని పుట్టిస్తారు. అలెన్ 1971లోనే డిజిటల్ ఆర్గన్ అమ్మకానికి తెచ్చింది. వీటిలో ఏది మేలు అని కాదు. మీ హాల్లో కూర్చుని స్వరం స్వరానికీ వాయిసింగ్ (ధ్వని బలం, రంగు) సవరించే మనిషిని ఏ డీలరు పంపగలడు, విడి బోర్డు ఎన్ని రోజుల్లో తెప్పించగలడు అన్నది కాగితం మీద రాయించుకోండి.

సబ్‌బాస్16:

స్పీకర్ల సంగతి విడిగా రాస్తున్నాను, అసలు చిక్కు అక్కడే ఉంది.

కాలమ్ స్పీకర్లు మాట కోసం చేసినవి. పెడల్ 16 అడుగుల సి అంటే 32.7 హెర్ట్జ్. కాలమ్‌లో అది అసలు రాదు, దాని పై స్వరాంశాలు మాత్రం గరగరమంటాయి. పెడల్‌కి సబ్‌వూఫర్ తప్పనిసరి. మాన్యువళ్ళకి కనీసం నాలుగు చానళ్ళు విడిగా ఉండాలి, ఒకే కోన్‌లోంచి పది స్టాపులు రావాలంటే ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి. స్పీకర్లు నేలమీద వద్దు. తొమ్మిది పదడుగుల ఎత్తున, ముందు వరసవాళ్ళ చెవుల్లోకి సూటిగా కాకుండా శ్లాబు వైపు కాస్త ఎత్తి పెట్టండి. కొయిర్ మైకులకి వెనక మాత్రం వద్దు.

ఇక హాలు. 60, 30, 15 ఒకదానికొకటి సరిగ్గా రెట్టింపు. 30 డిగ్రీల వేడిలో ధ్వని సెకనుకి సుమారు 1,145 అడుగులు పోతుంది. దాన్ని 30తో భాగిస్తే 38 హెర్ట్జ్. మీ వెడల్పులో రెండో రూమ్ మోడ్ (ఎదురెదురు గోడల మధ్య ధ్వని కొట్టుకుని బలపడే ఫ్రీక్వెన్సీ), పొడవులో నాలుగోది, ఎత్తులో మొదటిది మూడూ అక్కడే పడతాయి. పెడల్ 16లో కింది డి 36.7, డి షార్ప్ 38.9. సబ్‌వూఫర్‌ని మూల పెట్టారంటే ఆ రెండు పెడళ్ళు తొక్కినప్పుడల్లా కిటికీ అద్దాలు అదురుతాయి, పక్కన సి, ఇ మామూలుగా ఉంటాయి. అది ఆర్గన్ లోపం అనుకుని బోర్డు మార్పించేవాళ్ళున్నారు. సబ్‌వూఫర్‌ని పక్క గోడకి ఏడున్నర అడుగులు, ముందు గోడకి ఏడున్నర అడుగులు జరిపి వినండి. పొడవు, వెడల్పు మోడ్‌లు రెండింటికీ అక్కడ బలం దాదాపు ఉండదు. మిగిలిన ఉరుముని ఆ రెండు స్వరాల వాయిసింగ్‌లో తగ్గించాలి.

వాయిసింగ్ ఖాళీ హాల్లో చేయించకండి. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయనుకుని అంచనా వేస్తే ఖాళీగా ఉన్నప్పుడు మీ హాల్లో ప్రతిధ్వని సుమారు 3.4 సెకన్లు, 200 మంది కూర్చుంటే సుమారు 1 సెకను. బుధవారం మధ్యాహ్నం ఖాళీ హాల్లో చేసిన వాయిసింగ్‌తో ఆదివారం పొద్దున మిక్స్చర్ అణిగిపోతుంది. శనివారం రిహార్సల్‌కి కనీసం ఒక వంద మందిని రమ్మనండి. ఆర్గన్‌లో ఉన్న డిజిటల్ రివర్బ్ కొంచెం చాలు.

ఎర్తువైరు:

ఆయ్, స్టాపుల సంగతి వాళ్ళు చెప్పారు. మన దగ్గర ఆర్గన్లు పాడయ్యేది కరెంటూ, తేమా, ఎలుకల వల్లేనండి.

చెరువుల్లో గాలి కలిపే ఏరేటర్లున్న కరెంటు ఫీడరైతే సాయంత్రం వోల్టేజి కిందికి పోతుంది, మోటార్లు ఆగినప్పుడు పైకి లేస్తుంది. 1 కేవీఏ ఆన్‌లైన్ రకం (కరెంటు ఉన్నా ఎప్పుడూ తన ఇన్వర్టర్ మీదుగానే నడిపే) యూపీఎస్, ప్యూర్ సైన్ వేవ్ ఉన్నది పెట్టండి. కన్సోలుకి, అంటే కీలు, స్టాపులు ఉన్న ఆర్గన్ పెట్టెకి, అది ఎక్కువే. సబ్‌వూఫర్ ఆంప్లిఫయర్ పెద్దదైతే దాని వాట్లు కూడా కలిపి లెక్క చూసుకోండి. ఫ్యాన్లకి వాడే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్‌కి కలిపితే స్పీకర్లలో బర్రుమంటుంది, పవర్ సప్లయ్ వేడెక్కుతుంది. త్రీ ఫేజ్ లైనులో న్యూట్రల్ తెగితే ఒక ఫేజ్ మీద 400 వోల్టుల దాకా రావచ్చు, కాబట్టి 270 దగ్గర కట్ అయ్యే ఓవర్ వోల్టేజి రిలే ముందు పెట్టాలి. జనరేటర్‌కి మార్చేటప్పుడు ఆర్గన్ ఆపి మార్చండి.

ఎర్తింగ్ విడిగా ఉండాలి. మన నేలలో నీళ్ళు పైనే ఉంటాయి కాబట్టి 5 ఓముల లోపు తేలిగ్గా వస్తుంది. కానీ చవుడు నేలలో జీఐ పైపుని తుప్పు త్వరగా తినేస్తుంది, కాపర్ బాండెడ్ రాడ్డు వేయించండి. మిక్సర్ ఒక ఫేజ్‌లో, ఆర్గన్ ఇంకో ఫేజ్‌లో ఉండి వాటి మధ్య ఆడియో కేబుల్ కలిపితే 50 హెర్ట్జ్ హమ్ రావచ్చు. దానికి మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (వాద్యాన్ని మిక్సర్‌కి కలిపే చిన్న పెట్టె) పెట్టాలి. ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేసి హమ్ ఆపేవాళ్ళుంటారు, ఆ పని ఎవర్నీ చేయనివ్వకండి. పిడుగులప్పుడు ప్లగ్గు ఒక్కటే పీకితే చాలదు, లైన్ అవుట్ కేబుళ్ళు కూడా తీసెయ్యాలి.

తేమ. గచ్చు చెమర్చే వానాకాలంలో కన్సోలు నేలని తాకకూడదు. నాలుగంగుళాల చెక్క పీఠం మీద, గోడకి నాలుగంగుళాలు ఎడంగా పెట్టండి. ప్లాస్టిక్ కవరు వద్దు, చెమ్మని లోపలే పట్టేస్తుంది. మందపాటి నూలు గుడ్డ చాలు. ముసురు రోజుల్లో వారానికి మూడుసార్లు గంటేసి ఆన్ చేసి ఉంచితే, దాని వేడికి అదే ఆరుతుంది. అరకిలో సిలికా జెల్ సంచి లోపల పెట్టి, రంగు మారినప్పుడల్లా వేడి చేసి మళ్ళీ పెట్టుకోవచ్చు. ఏసీ హాలైతే ఇంకో గొడవ. చల్లగా ఉన్న బోర్డు మీదికి తలుపు తీయగానే తడిగాలి వస్తే నీటి బొట్లు పడతాయి.

ఎలుకలు పెడల్‌బోర్డు కిందనుంచే దూరతాయి. వెనక పలక రంధ్రాలకీ, కేబుల్ దారులకీ సన్నటి స్టీలు జల్లెడ కొట్టించండి. కలరా ఉండలు కీల దగ్గర వద్దు, ఆ ఆవిరి ప్లాస్టిక్‌కి మంచిది కాదు.

మిడికేబుల్:

ఎవరూ వర్చువల్ ఆర్గన్ మాట ఎత్తలేదేమండీ? రెండు 61 కీల మిడి (నొక్కిన కీల సమాచారాన్ని కంప్యూటరుకి పంపే పద్ధతి) మాన్యువళ్ళు, మిడి పెడల్‌బోర్డు, ఒక కంప్యూటరు, ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే హాప్ట్‌వర్క్ లేదా ఉచితంగా దొరికే గ్రాండ్ఆర్గ్ సాఫ్ట్‌వేర్‌తో అసలైన గొట్టాల ఆర్గన్‌ని, స్వరం స్వరం విడిగా రికార్డు చేసినదాన్ని వాయించొచ్చు. 48 కిలోహెర్ట్జ్ దగ్గర బఫర్ 256 శాంపిళ్ళు పెడితే దాని వల్ల ఆలస్యం 5.3 మిల్లీసెకన్లే. ర్యామ్ మాత్రం 32 జీబీ పెట్టండి. మంచి స్పీకర్లకి డబ్బు మిగులుతుంది.

ఎర్తువైరు:

మిడికేబుల్ గారూ, ఇంట్లో సాధన చేసుకునేవాళ్ళకి మీరు చెప్పింది బంగారం. చర్చికి మాత్రం, ఆదివారం పొద్దున కరెంటు పోయొస్తే శాంపిల్స్ మళ్ళీ ర్యామ్‌లోకి ఎక్కేదాకా పాస్టరు అయ్యగారు పాట మొదలెట్టకుండా నిలబడాలి. అప్‌డేట్ అడిగే కంప్యూటరైతే ఇంకా చెప్పక్కర్లేదు. దాన్ని చూసుకునే మనిషి సంఘంలో శాశ్వతంగా ఉంటేనే ఆ దారి పట్టాలి.

శ్రుతిపెట్టె:

రాగతాళాల కీర్తనల గురించి ఎవరో ఒకరు చెప్పాలి కదండీ. ఆర్గన్ మీద గమకం రాదు. కీకి ఒకటే స్వరస్థానం, జారడం కుదరదు. కాబట్టి మోహనలో ఉన్న కీర్తనకి నాలుగు గొంతుల హార్మొనీ వేసి గ్రేట్ మీద దంచితే పాట చచ్చిపోతుంది. గెడాక్ట్ 8 ఒక్కటి స్వెల్ మీద, పెడల్ సబ్‌బాస్ 16, గెడాక్ట్ 8తో షడ్జమం పట్టి ఉంచడం, అంతే. ఆర్గన్ అక్కడ శ్రుతిపెట్టె పనే చేయాలి. చరణం చివర పల్లవి అందుకునేటప్పుడు ప్రిన్సిపల్ 4 కలిపితే సంఘం లేచి పాడుతుంది.

హార్మోనియం తోడుంటే ట్యూనింగ్ ఈక్వల్ టెంపరమెంట్‌లోనే (అర స్వరాలన్నీ సమానంగా ఉండే పద్ధతిలోనే) ఉంచండి. మెనూలో వెర్క్‌మైస్టర్, కిర్న్‌బెర్గర్ అనే పాత ట్యూనింగ్ పద్ధతులు కనబడతాయి, వాటి జోలికి వెళితే రెండు వాద్యాల మధ్య కొట్టుకునే ధ్వని వస్తుంది. హార్మోనియాన్ని ట్యూనింగ్ మీటరుతో కొలిచి, ఎ స్వరం 440 హెర్ట్జ్ కాక 443 ఉంటే ఆర్గన్‌నే అక్కడికి జరపండి. ఆర్గన్‌కి అది ఒక బటన్, హార్మోనియంకి రీడ్లు గీకించాలి.

ట్రాన్స్‌పోజర్ (శ్రుతి జరిపే బటన్) దగ్గర జాగ్రత్త. ఒకటి శ్రుతి అంటే సి, నాలుగు అంటే ఎఫ్, అయిదు అంటే జి. సి నుంచి వాయించే అలవాటున్నవారు నాలుగు శ్రుతికి +4 పెడతారు. కావలసింది +5, ఎందుకంటే ట్రాన్స్‌పోజర్ లెక్కపెట్టేది అర స్వరాలు. పాట అయ్యాక సున్నాకి తేకపోతే తర్వాతి పాటకి హార్మోనియం ఒక చోట, ఆర్గన్ ఒక చోట ఉంటాయి. వీలైతే శ్రుతికొక పిస్టన్ (దాచిన అమరికని ఒక్క నొక్కుతో తెచ్చే బటన్) మెమరీలో పెట్టించండి. అన్ని మోడళ్ళూ ట్రాన్స్‌పోజ్‌ని పిస్టన్‌లో దాచుకోవు, కొనేముందే అడగాలి.

లంకగాలి:

అందరికీ కృతజ్ఞతలండి. అమెరికా ఆర్గన్ ఫోటో వచ్చింది. రెండు మాన్యువళ్ళూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా లేవు, పైది కుడికి జరిగి ఉంది. పెడళ్ళు లెక్కపెడితే 13. ఇంకో మాట, మా తలుపు మూడున్నర అడుగులే. కన్సోలు పడుతుందా?

సబ్‌బాస్16:

అది క్లాసికల్ ఆర్గన్ కాదు, ఇళ్ళలో వాడే స్పినెట్. మాన్యువల్‌కి సాధారణంగా 44 కీలే ఉంటాయి, పెడళ్ళు ఎడమ కాలి బొటనవేలికే. మీ పనికి రాదు. వాళ్ళు వేరేది చూసినా మూడు విషయాలు ముందే తేల్చుకోండి. ఒకటి, అక్కడివి 120 వోల్టులవి కావచ్చు, వెనక ప్లేటు ఫోటో అడగండి. డిజిటల్ ఆర్గన్‌కి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ చాలు, 60 హెర్ట్జ్ బదులు 50 వచ్చినా శ్రుతి మారదు. పాత టోన్‌వీల్ హామండ్ (చక్రాలు తిరిగి ధ్వని పుట్టించే ఎలక్ట్రిక్ ఆర్గన్) అయితే అందులో ఉన్న మోటారు లైను ఫ్రీక్వెన్సీతో తిరుగుతుంది, ఇక్కడ పెడితే మూడు అర స్వరాలు దిగిపోతుంది. రెండు, వాళ్ళు విదేశీ పౌరులైతే, సంఘానికి దానంగా పంపే వస్తువు కూడా ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) ప్రకారం విదేశీ విరాళమే. దాన్ని తీసుకునే సంస్థకి ఆ రిజిస్ట్రేషన్ ఉండాలి. మూడు, కస్టమ్స్ టారిఫ్‌లో ఇది 9207 శీర్షిక కిందికి వస్తుంది, వాడిన వస్తువుల దిగుమతి మీద ఆంక్షలున్నాయి. ఓడ ఎక్కించకముందే కస్టమ్స్ ఏజెంటుతో మాట్లాడండి.

తలుపు సరిపోతుంది. పెడల్‌బోర్డు, బెంచి, మ్యూజిక్ డెస్కు విడిగా వస్తాయి. మిగిలిన కన్సోలుని దాని పొడవు వెంబడి లోపలికి తోయాలి కాబట్టి మీకు కావలసిన కొలత దాని లోతు. డ్రాయింగులో పెడల్‌బోర్డు లేకుండా లోతు ఎంతో చూడండి. కిలోలు వందకి పైనే ఉంటాయి, నలుగురు కావాలి. మాన్యువళ్ళ పక్క చెక్కలు పట్టుకుని ఎత్తకూడదు, అడుగు చట్రం పట్టుకోవాలి. పక్కకి పడుకోబెట్టకూడదు. నరసాపురం వైపు నుంచి తెస్తే సఖినేటిపల్లి రేవు పంటు మీద వద్దు, ఆ వాలు మీద బండి ఊగితే కట్లు జారతాయి. పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటించండి. దింపాక ప్యాకింగ్ విప్పి, ఒక పగలూ ఒక రాత్రీ హాలు గాలికి అలవాటు పడనిచ్చి, అప్పుడు స్విచ్ వేయండి.